మరికినా మేడమీద రాత్రి బేరం

ఫిలిప్పీన్స్‌లో మనీలాకు తూర్పున, నది ఒడ్డున ఉన్న మరికినా బూట్లు కుట్టే ఊరు. లౌరియానో గెవారా అనే ఆసామి, జనం నోట కాపిటన్ మోయ్, విదేశంలో కొన్న తన బూట్లను ఏ ముక్కకాముక్క విప్పి చూసి 1887లో ఇక్కడ ఈ పని మొదలుపెట్టాడని చెబుతారు. మాజీ ప్రథమ మహిళ ఇమెల్డా మార్కోస్ బూట్లు దాచిన మ్యూజియం కూడా ఈ ఊళ్లోనే ఉంది. 1990ల తర్వాత చవక దిగుమతులు వచ్చిపడి చాలా కార్ఖానాలు మూతపడ్డాయి. 2009 సెప్టెంబరులో ఒండోయ్ తుపాను వరద మిగిలినవాటినీ ముంచెత్తింది. నిలదొక్కుకున్నవాళ్లలో కొందరికి ఇప్పుడు ఫోనే అంగడి. అలాంటి ఒక చోటికి, లాస్ పిన్యాస్‌లో వైద్యం చదువుతున్న మా మేనకోడలు నన్ను తీసుకెళ్లింది. రోగులతో మాట్లాడటానికి నేర్చుకున్న టగలాగ్ ఆమెది. ఆ సాయంత్రమంతా నా ప్రశ్నలు అటు, జవాబులు ఇటు మోసింది.

కింద గదిలో జిగురు వాసన. నలుగురు పనివాళ్లు అచ్చులకు తోలు లాగి మేకులు కొడుతున్నారు. మేడమీద గుండ్రటి దీపం, స్టాండుకు తగిలించిన ఫోను, గోడ పొడవునా చెప్పుల పెట్టెలు. యజమానురాలిని అందరూ ఆతే అంటారు, అంటే అక్క. మేమూ అలాగే పిలిచాం. రాత్రి ఎనిమిదయ్యాక, ఇళ్లలో అన్నాలు తిని ఫోన్లు చేతిలోకి తీసుకునే వేళకు, ఆమె ఫేస్‌బుక్‌లో లైవ్ మొదలుపెట్టింది.

మొదటి పది నిమిషాలు ఒక్క చెప్పు కూడా చూపించలేదు. వచ్చినవాళ్లను పేరుపేరునా పలకరించింది. భోజనం అయిందా అని ఒకరిని, అబ్బాయి పరీక్ష ఎలా రాశాడని ఇంకొకరిని అడిగింది. దావావో నుంచి ఒకామె సెబువానోలో రాస్తే, వచ్చీరాని సెబువానోలోనే బదులిచ్చింది. మిగతాదంతా టగలాగ్, ఇంగ్లిష్ కలగలిపిన మాట. తర్వాత ఒక నల్ల తోలు చెప్పు తీసి, మడమ వంచి, అడుగు కుట్టు కెమెరాకు దగ్గరగా పెట్టి, కోడ్ చెప్పింది. తెర మీద ‘మైన్’, ‘మైన్’ అంటూ వరస. ఆ కోడ్‌తో ముందు ‘మైన్’ అన్నవాళ్లదే సరుకు. రియాద్‌లో నర్సుగా చేస్తున్న ఒకమ్మాయి ఇలోయిలోలోని తల్లి కోసం ఒక జత పట్టేసింది. పరాయి దేశంలో పనిచేసే బిడ్డ లేని వీధి ఇక్కడ అరుదు. ఇంట్లో కొనేదేదైనా ఆ బిడ్డ కంటి ముందుకూ రావాలి. ఆ సంగతి పట్టించుకోని ప్రకటన సగం ఇంటితోనే మాట్లాడినట్టు.

వెబ్‌సైట్ లేదా అని అడిగాను. ఉంది. డబ్బు పెట్టి చేయించుకున్నదే, చాలా అందంగా ఉంది. కానీ దాంట్లోకి వెళ్లేవాళ్లు తక్కువ. కారణం మా మేనకోడలే విడమరిచి చెప్పింది. “మావయ్యా, ఇక్కడ చాలామందికి నెలవారీ బిల్లు ఉండదు. మూలమీద సారిసారి అనే చిల్లర కొట్లో లోడ్, అంటే ప్రీపెయిడ్ బ్యాలెన్స్, వేయించుకుని, రోజుకో మూడు రోజులకో ప్యాక్ కొంటారు. ఆ ప్యాకుల్లో ఫేస్‌బుక్‌కు విడిగా డేటా కలిపి ఇస్తుంటారు.” షాంపూను సాచెట్‌లో, వంటనూనెను చిన్న పొట్లంలో, సిగరెట్‌ను ఒక్కటిగా కొనే అలవాటే డేటాకూ వచ్చింది. 2013 నుంచీ టెలికాం కంపెనీలు ఫేస్‌బుక్‌ను ఉచితంగా చూపిస్తూ వచ్చాయి. ఆ ఉచిత రకంలో ఫొటోలు తెరుచుకోవు, అక్షరాలు మాత్రమే కనిపిస్తాయి. బయటి లింకు నొక్కితే డేటా ఖర్చు. అందుకే ఆతే తన ప్రతి పోస్టులో ధర, సైజులు, రంగు, తోలు రకం అన్నీ అక్షరాల్లో రాస్తుంది. బొమ్మ మీద అందమైన అక్షరాలు అద్ది ఊరుకునే పెద్ద కంపెనీలకు ఈ చిన్న జాగ్రత్త ఎందుకు తట్టదో నాకు అర్థం కాదు. లోడ్ అయిపోయిన మనిషి కూడా కొనేవాడే కదా!

ధర విషయంలో ఆమె పట్టుదల నాకు బాగా నచ్చింది. ఇక్కడ చాలామంది ధర రాయకుండా, అడిగినవాళ్లకు మెసేజ్‌లో చెబుతారు. మనిషిని చూసి ధర మారుస్తారేమోనన్న అనుమానం కొనేవాళ్లకు ఉండనే ఉంటుంది. 1992 నాటి వినియోగదారుల చట్టం సరుకు మీద ధర ఉండాలంటుంది. ఆన్‌లైన్‌కూ అది వర్తిస్తుందని వాణిజ్య శాఖ చెబుతూనే ఉంది. “సంతలో ఒకే చేపలమ్మ దగ్గర ఏళ్ల తరబడి ఎందుకు కొంటాం? ఆమె ధర మనకు తెలుసు, కొసరు వేస్తుందనీ తెలుసు” అంది ఆతే. ఆమె కొసరు ఒక జత లేసులు, లేదా చిన్న పాలిష్ డబ్బా. పాత ఖాతాదార్లందరి పార్శిళ్లలోనూ పడుతుంది.

ప్రకటనల మీద పెట్టే కొద్దిపాటి డబ్బును ఆమె నెలంతా పరచదు. జీతాలు 15న, 30న వస్తాయి. వాటికి రెండు రోజుల ముందు నుంచే డబ్బు కట్టి పోస్టులను బూస్ట్ చేస్తుంది. సెప్టెంబరు వచ్చిందంటే ఈ దేశంలో క్రిస్మస్ పాటలు మొదలైనట్టే. 1975 నాటి డిక్రీ ప్రకారం డిసెంబరు 24 లోపు చేతికొచ్చే పదమూడో నెల జీతం కోసం అక్టోబరు నుంచే తోలు నిల్వ చేస్తుంది. 9.9, 11.11 అంటూ ఆ తేదీల్లో షాపీ, లజాడా అనే ఆన్‌లైన్ అంగళ్లు పెట్టే తగ్గింపు అమ్మకాల్లో మాత్రం కొద్ది సరుకే ఉంచుతుంది. ఆ ధరకు చేతిపని గిట్టదు. ఆ నిర్ణయం సరైనదేనని నాకు అనిపించింది. తగ్గింపు కోసం వచ్చినవాడు వచ్చే తగ్గింపు దాకా మళ్లీ కనిపించడు.

ఆమెను వేధించేది ‘జాయ్ రిజర్వర్లు’. సరదాకి ‘మైన్’ అని, తర్వాత మాయమయ్యేవాళ్లు. జీక్యాష్ అనే ఫోన్ వాలెట్‌లో ముందే కట్టేవాళ్లు పెరిగినా, సరుకు చేతికి అందాకే డబ్బు ఇస్తామనేవాళ్లు ఇంకా బోలెడు. పార్శిల్ దీవులు దాటి వెళ్లి, తలుపు తీయని ఇంటి నుంచి తిరిగొస్తే రవాణా ఖర్చు ఆమె నెత్తినే. అందుకని లైవ్ ముగిశాక అసలు పని మొదలైంది. ‘మైన్’ అన్న ఒక్కొక్కరికీ మెసేజ్: మొత్తం ఇంత, రవాణా ఇంత, చిరునామాతో పాటు ఇంటి ఆనవాలు రాయండి. చర్చి ఎదురు సందు, నీలం గేటు, పక్కన నీళ్ల డబ్బాల కొట్టు. డెలివరీ కుర్రాడికి ఇంటి నంబరు కంటే అదే దారి చూపిస్తుంది. కాగితం మీద పాదం గీసి, పక్కన స్కేలు పెట్టి ఫొటో పంపమని కూడా అడుగుతుంది. ఎవరూ విసుక్కోలేదు. ఇంత అడిగే మనిషి మోసం చేయదన్న నమ్మకం ఆ జవాబుల్లో కనిపించింది.

సెబూ నుంచి ఒకాయన పాదం ఫొటో చూసి ఆతే తల అడ్డంగా ఊపింది. పాదం వెడల్పు, ఉన్న అచ్చు సరిపోదు. ఈ జత మీకు వద్దు, వెడల్పు అచ్చు మీద కొత్తగా కుట్టిస్తాను, రెండు వారాలు పడుతుంది అని రాసింది. జవాబు వెంటనే వచ్చింది: మరీ మంచిది, అప్పటికి 30వ తేదీ జీతం కూడా వస్తుంది, డబ్బు ముందే కడతాను.