వజీఫా కన్నా ముందు కాగజ్

అమెరికాలో కాగజ్ లేని పిల్లల కాలేజీ చదువు గురించి ఏళ్ల తరబడి బహస్ నడుస్తోంది. అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని పసితనంలో సరిహద్దు దాటి వచ్చి, అక్కడే బడికెళ్లి, తీరా కాలేజీ ఫీజు సాయం అడిగేసరికి "నువ్వెవరు?" అనిపించుకునే పిల్లలు వాళ్లు. అలాంటి పిల్లలు కూడా స్థానికుల ఫీజే కడితే చాలని 2001లో టెక్సాస్ కానూన్ చేసింది. 2025 జూన్‌లో కోర్టు ఆర్డరుతో అది ఆగిపోయింది. ఆ ఖబర్ రాస్తుంటే నా ధ్యాస మాత్రం మన అజిత్‌సింగ్ నగర్ మీదికి పోయింది. మన పిల్లలు ఏ సరిహద్దూ దాటలేదు. వాళ్ల దాదాలు, పర్‌దాదాలు ఈ ఉమ్మడి కృష్ణా జిల్లా మట్టిలోనే దఫన్ అయ్యారు. అయినా "నువ్వెవరు?" అన్న సవాల్ వాళ్లకీ తప్పడం లేదు.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు సింగ్ నగర్‌ని ముంచింది కదా, ఆ నీళ్లు దిగాక తెలిసినవాళ్ల ఇంటికి వెళ్లాను. ఇంటాయన దర్జీ. కుట్టు మిషను బురదలో ఉంది. దాని సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. డాబా మీద దండేనికి బట్టల క్లిప్పులతో కాగితాలు ఆరేసి ఉన్నాయి. పదో క్లాసు మెమో, బియ్యం కార్డు, కుల ధ్రువీకరణ పత్రం, అమ్మీ బ్యాంకు పాస్‌బుక్. "కాగజాఁ సబ్ పానీ మే గయే భయ్యా" అంది ఇంటావిడ. కూతురు డిగ్రీలో చేరి నెల కూడా కాలేదు.

పోయిన కాగితాలు మెల్లగా మళ్లీ వచ్చాయి. అసలు ముసీబత్ అప్పుడు మొదలైంది. కొత్త నకళ్లన్నీ పక్కపక్కన పెడితే ఒకదానితో ఒకటి కలవలేదు. మెమోలో ఇంటిపేరు ఎస్‌కే అని రెండక్షరాలు. ఆధార్‌లో ఎస్ హెచ్ ఏ ఐ కే. అబ్బా ఆధార్‌లో ఎస్ హెచ్ ఈ ఐ కే. అమ్మీ పేరు చివరి "బీ" ఒకచోట అతుక్కుని, ఒకచోట విడిపోయి, బ్యాంకులో ఏకంగా బేగం అయింది. ఉర్దూలో షేక్ అంటే మూడే అక్షరాలు: షీన్, యే, ఖే. మా ఉస్తాద్ బెత్తం పట్టుకుని నేర్పాడు, తప్పు రాయడానికి వీల్లేదు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఏ గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. మనుషులు ఆ తేడాని పట్టించుకోరు. కంప్యూటర్ పట్టించుకుంటుంది.

తమాషా ఏమిటంటే, ఆ కచేరీలో వినబడే మాటలన్నీ మనవే. దరఖాస్తు, దాఖలా, అసలు, నకలు, రుజువు, మంజూరు, తహసీల్దారు, జిల్లా. తెలుగు డిగ్రీ క్లాసులో వీటిని అన్యదేశ్యాలని చదువుకున్నాను. మన మాటలు అక్కడ ఎప్పుడో పర్మనెంట్ అయ్యాయి, మన పేర్లే ఇంకా లోపలికి పోలేదు!

ఇక్కడ ఒక సంగతి సాఫ్‌గా చెప్పుకోవాలి, ఎందుకంటే మన ఇళ్లల్లో చాలామంది రెండిటినీ కలిపేస్తారు. సీటు వేరు, ఫీజు వేరు. సీటు కోసం బీసీ-ఇ. 2007 కానూన్ ప్రకారం 14 వర్గాల ముస్లింలకు 4 శాతం. 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీద నడుస్తూ వచ్చింది. అందులో షేక్ ఉంది, సయ్యద్, పఠాన్ లేవు. ఇంటిపేరు మహమ్మద్ అని ఉన్నవాళ్లకైతే తాము షేక్‌లమని రుజువు చేసుకోవడమే ఒక పెద్ద ఇమ్తిహాన్. ఫీజు సంగతి అలా కాదు. ఆమదనీ ఏడాదికి రూ. 2.5 లక్షలు దాటకపోతే సయ్యద్ పిల్లకీ మైనారిటీ కింద రీయింబర్స్‌మెంట్ ఉంది. "మేం బీసీ కాదు కదా" అని దరఖాస్తే పెట్టని ఇళ్లు నాకు తెలుసు.

2021లో విద్యా దీవెన డబ్బు తల్లుల ఖాతాల్లో వెయ్యడం మొదలుపెట్టినప్పుడు నాకు ఖుషీ అయింది. కానీ దాంతో పిల్ల కాగజ్‌తో పాటు అమ్మీ కాగజ్ కూడా సరిగ్గా ఉండాల్సి వచ్చింది. బడికే వెళ్లని అమ్మీలు, వేలిముద్ర వేసే అమ్మీలు. తర్వాత హుకూమత్ మారింది, స్కీము పేరు మారింది. దర్జీ కూతురి కాలేజీ వాళ్లు మాత్రం ఒకటే మాట పట్టుకున్నారు: ముందు మీరు కట్టండి, గవర్నమెంటు ఇస్తే వాపస్ ఇస్తాం. అమ్మీ కమ్మలు తాకట్టుకు పోయాయి.

మొహల్లాలో పెద్దలకు ఈ సంగతి చెబితే పైసలు ఇస్తామన్నవాళ్లు ఐదుగురు దొరికారు. అల్లా వాళ్లకు బర్కత్ ఇవ్వాలి. ఆ పిల్లతో సచివాలయం దగ్గర లైన్లో నిలబడటానికి ఒక్కరూ దొరకలేదు. ఆ దర్జీ ఒకరోజు సెలవు పెడితే ఆ రోజు కూలీ పోతుంది. కేంద్రం 2022లో మౌలానా ఆజాద్ ఫెలోషిప్ ఆపేసినప్పుడు మనందరికీ గుస్సా వచ్చింది, రావాల్సిందే. కానీ ఆపని హక్కు కూడా ఒక స్పెల్లింగ్ దగ్గర జారిపోతుంటే ఆ గుస్సా ఎక్కడికి పోతోంది? జకాత్ లెక్కలు రాసే మస్జిద్ కమిటీకి ఈ కాగజ్ పని కూడా ఖిద్మతే అని నా రాయ్. పైసా ఖర్చు లేని ఖిద్మత్.

అదీ కాలేజీ దాకా ఆగకుండా చెయ్యాలి. పదో క్లాసు నామినల్ రోల్స్‌లో ఏ పేరు పడితే జిందగీ అంతా అదే పేరు. కాబట్టి తొమ్మిదిలోనే ఆధార్, స్కూలు రికార్డు, అమ్మీ పాస్‌బుక్ తెచ్చి ఒకేచోట పెట్టి అక్షరం అక్షరం చూసుకోవాలి. ఆధార్‌లో పేరు 2 సార్లు, పుట్టిన తేదీ 1 సారి మాత్రమే మార్చనిస్తారు. తొందరపడి తప్పుగా మార్పించుకుంటే ఆ మౌకా కూడా పోతుంది.

దర్జీ కూతురు రెండో సంవత్సరానికి వచ్చింది. కమ్మలు ఇంకా రాలేదు. అమ్మీ బ్యాంకు ఖాతాలో పేరు మారింది.

మొన్న జుమ్మా తర్వాత మా వీధిలో ఇద్దరు కుర్రాళ్లతో కలిసి పదో క్లాసు పిల్లల కాగితాలు చూశాం. ఒక పిల్లాడి ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1. స్కూల్లో జూన్. వాళ్ల దాదీ రెండూ కాదంది. "లైలా తూఫాన్ వచ్చిన వారమే పుట్టాడు బేటా, ఆసుపత్రికి ఆటో కూడా దొరకలేదు." లైలా బాపట్ల దగ్గర తీరం దాటింది 2010 మే 20న. సోమవారం మునిసిపాలిటీకి వెళ్లి ఆ వారం జననాల రిజిస్టర్ తీయించాలి. దాదీ కూడా వస్తానంటోంది.