సూది ముందా, తీగె ముందా?

మా చిన్నతనంలో పక్షవాతమంటే పావురం నెత్తురే మందు. పడిపోయిన కాలికీ చేతికీ పూసి మర్దనా చేసేవారు. మనిషి మంచంలోనే ఉండేవాడు, పావురం మాత్రం పోయేది. ఈ జబ్బుకు గడియారం చూసుకోవాలని మా ఊళ్ళో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు తెలిసినవాళ్ళు పెరిగారు గనక తగాదాలూ వచ్చాయి. నిరుడు మా బావగారి విషయంలో ఒక తగాదాకు నేను ఫోనులో సాక్షిని.

బావగారిది నల్లగొండ. ఒకనాటి ఉదయం మూతి వంకరపోయింది, కుడిచెయ్యి జారింది, మాట ఆగిపోయింది. అక్కయ్య వెంటనే గడియారం చూసింది: ఏడూ పది. (ఆవిడ పాలు పొంగినా టైము చూసే మనిషి. ఇన్నాళ్ళూ నవ్వేవాళ్ళం.) తరువాత ప్రతి డాక్టరూ మొదట అడిగింది ఆ టైమే.

అక్కడి ఆస్పత్రిలో స్కాను తీసి, రక్తస్రావం లేదనీ, మెదడుకు పోయే పెద్ద నాళంలో గడ్డ అడ్డుపడిందనీ తేల్చారు. ముందు గడ్డను కరిగించే సూదిమందు, ఆపైన హైదరాబాదు ప్రయాణం. అక్కడ తొడ దగ్గర నాళంలోంచి సన్నని గొట్టం పంపి, తీగెల వలతో గడ్డను లాగుతారన్నారు. మా మేనల్లుడు చదువుకున్నవాడు. "ఎలాగూ లాగేదాన్ని కరిగించడమెందుకు మామయ్యా? ఆ మందుతో మెదడులో నెత్తురు కారితే?" అన్నాడు.

వాడి భయం అబద్ధం కాదు. ప్రశ్నా తెలివితక్కువది కాదు. పెద్ద పెద్ద డాక్టర్లే ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. సూదిమందుకు అమెరికాలో 1996లో అనుమతి వచ్చింది. మామూలుగా నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. కాని పెద్ద గడ్డ దగ్గర అది తరచు ఓడిపోతుంది. లాగడం మేలని 2015 నాటికి రుజువైంది. ఇక సూది దేనికని చైనా, జపాను, యూరపు మొదలైన చోట్ల ఆరు పరిశోధనలు చేశారు. మొత్తం 2,313 మంది రోగులు. సూది మానేసినా తక్కువేమీ కాదని 2023లో లెక్కలన్నీ కలిపినా రుజువు కాలేదు. 2024లో అవే లెక్కలు తిరగేస్తే, జబ్బు మొదలైన 2 గంటల 20 నిమిషాలలోపు పడిన సూదికి ఫలం స్పష్టంగా కనిపించింది. 2025లో చైనాలోనే 550 మందిపై, ఒక్కసారిగా ఎక్కించే కొత్తరకం మందుతో చూశారు: మూడు నెలలకు తమ పనులు తాము చేసుకోగలిగినవారు, రెండూ చేస్తే నూటికి 53, లాగడం ఒక్కటే అయితే 44.

అయితే ఆ ఆరు పరిశోధనలలోని రోగులూ గడ్డ లాగగల ఆస్పత్రికే నేరుగా చేరినవాళ్ళు. నల్లగొండనుంచి హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లు. ఇలాంటి గడ్డ అడ్డుపడితే నిమిషానికి 19 లక్షల మెదడు కణాలు చస్తాయని 2006లో ఒక డాక్టరుగారు లెక్కకట్టారు. దారి పొడుగునా చేతులు ముడుచుకు కూర్చోవడం ఏం న్యాయం? "ఒరే, సంతకం పెట్టరా," అన్నాను. ఎనిమిదిన్నర కాకుండానే సూది పడింది.

హైదరాబాదులో ఒక్క లాగుకే గడ్డ వచ్చేసింది. మందుకు మెత్తబడిందా అని అడిగితే, "నా చెయ్యి గొప్పో, మందు గొప్పో చెప్పలేనండీ," అని నవ్వారు డాక్టరుగారు.

మేనల్లుడు ఇప్పటికీ తీగె పక్షమే. అక్కయ్య సూది పక్షం. బావగారికి మాట ఇంకా కొంచెం తడబడుతుంది. ఇద్దరినీ నోళ్ళు మూసుకుని పేకాటకు కూర్చోమంటారు.