సమ్మతి

2012లో మా అమ్మాయి అమెరికా పౌరసత్వ పరీక్షకు చదువుకుంటూ ఒక రాత్రి ఫోను చేసింది. "నాన్నా, స్వపరిపాలన అన్న భావం ఇక్కడి రాజ్యాంగంలోని మొదటి మూడు మాటల్లోనే ఉందట. ఆ మాటలేమిటో చెప్పండి చూద్దాం" అంది. నాకు తెలియలేదు. 'వి ద పీపుల్' అని తనే చెప్పింది. "మనదీ 'ప్రజలమైన మేము' అనే గదమ్మా మొదలు" అన్నాను. కాసేపు ఊరుకుని అసలు మాట అడిగింది. "ఇక్కడ ప్రమాణం చేస్తే మన పాస్‌పోర్టు అప్పగించెయ్యాలి. మీకు సమ్మతమేనా?"

మన చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. ఆలోచించి చెబుతానని ఫోను పెట్టేశాను.

ఆ వారమంతా నిఘంటువు దగ్గర పెట్టుకుని, ఆమె చదివే విషయాలనే నేనూ చదివాను. అధికారాన్ని మూడు శాఖలుగా విడదీయడం, ఒకదానికొకటి పగ్గంగా ఉంచడం, కేంద్రానికీ రాష్ట్రాలకూ పంచడం - వీటన్నిటికీ అడుగున ఒకే మాట కనిపించింది. ప్రభుత్వాల న్యాయమైన అధికారానికి మూలం పాలితుల సమ్మతి అని 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన భావం. ఆనాడు బానిసలను గాని స్త్రీలను గాని అడిగినవారు లేరు. దేశమంతటా స్త్రీలకు ఓటుహక్కును రాజ్యాంగబద్ధం చేయడానికి 1920 దాకా పట్టింది. అయినా మాట మాత్రం నిలిచింది.

తెలుగు పండితుణ్ణి గనుక నా దృష్టి మన మాటల మీదికి పోయింది. ప్రభువు యొక్క భావం ప్రభుత్వం. మా పెద్దలు దొరతనమనీ, సర్కారనీ అనేవారు. ఈ మూడింటిలోనూ ఏలేవాడే ఉన్నాడు గాని ఏలబడేవాడు లేడు.

అయితే మాట లేకపోయినంత మాత్రాన భావం లేదనరాదు. చీరాల, పేరాల గ్రామాలను, జనం వద్దంటున్నా, మద్రాసు ప్రభుత్వం కలిపి మునిసిపాలిటీ చేసింది. ఏటా 4,000 రూపాయలున్న పన్ను 40,000 అయింది. లండను పార్లమెంటులో తమ ప్రతినిధి లేకుండా 1765లో స్టాంపు పన్ను వేసినప్పుడు అమెరికా వలసల వాళ్ళు పట్టిన పేచీ ఇదే: మమ్మల్ని అడిగారా? వారు చివరకు ఆయుధం పట్టారు. మనవాళ్ళు, ఎడింబరోలో చదివి వచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట, 1921లో ఊరే విడిచిపెట్టారు. ఉన్న 15,000 మందిలో సుమారు 13,000 మంది మునిసిపాలిటీ హద్దు దాటి, రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని, పాకల్లో ఎండకూ వానకూ ఓర్చి దాదాపు పదకొండు నెలలున్నారు. గోపాలకృష్ణయ్యగారిని జైల్లో పెట్టారు. డబ్బు నిండుకుంది. జనం తిరిగి ఇళ్ళకు చేరారు.

అప్పుడు గుంటూరు జిల్లాలోనిదై, 1970 నుండి ప్రకాశంలోనూ, 2022 నుండి బాపట్ల జిల్లాలోనూ ఉన్న చీరాల కథను ఎన్ని తరగతులకు చెప్పానో లెక్క లేదు. దేశభక్తి కథగానే చెప్పాను. హద్దు దాటి పోవడం కూడా మనిషి తన సమ్మతిని తెలిపే ఒక తీరు అని ఒక్కనాడూ చెప్పలేదు. నాకే తట్టలేదు. అందుకే కాబోలు, ఊరి కోసం హద్దు దాటినవారిని మెచ్చుకున్న నేను, నా కూతురు హద్దు దాటుతానంటే ద్రోహమేదో జరిగినట్టు కుంగిపోయాను.

ఇంకొకటి కూడా గుర్తుకు వచ్చింది. ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు చదవాలో, ఏ ఊళ్ళో హాస్టల్లో ఉండాలో నేనే తేల్చాను. ఆమెను అడగలేదు. మా ఇంట్లో ఉన్నది వ్యుత్పత్తి తప్పని ప్రభుత్వం. అడగని తండ్రిని ఆమె అడిగింది.

వారం తరువాత నేనే ఫోను చేశాను. "ఆ సమ్మతి నాది కాదమ్మా, నీది" అన్నాను.

"తెలుసు నాన్నా. అయినా ఒక్కసారి సరే అనండి" అంది.

అన్నాను.