‘వల్ల’ అనే ఒక్క మాట

మా అబ్బాయికి పటాన్‌చెరులో ఉద్యోగం. చలికాలంలో స్నేహితులతో వెళ్ళి కారును ఒక పూట రేసు ట్రాక్ మీద నడిపొచ్చాడు. నాలుగు నెలలకు ఏసీ కంప్రెసర్ పోయింది. వారంటీ ఇంకా ఉంది. సర్వీస్ సెంటర్‌వాళ్ళు మాత్రం వాడి ఫోటోలు చూపించి, "ట్రాక్ మీద తిప్పారు, వారంటీ వర్తించదు" అనేశారు.

"అది నా కారు కాదని చెప్పేస్తానమ్మా" అన్నాడు వాడు. "చేసుకున్నవాడికి చేసుకున్నంత, కట్టెయ్" అన్నారు వాళ్ళ నాన్న. నాకు రెండూ నచ్చలేదు. నిజం చెబితే హక్కు పోతుందా?

వారంటీ పుస్తకం తీశాను. తెలుగులో చెప్పుకుంటే అందులో ఉన్నది ఇదీ: ‘రేసింగ్ వల్ల కలిగిన నష్టానికి’ వారంటీ లేదు. రేసింగ్‌కు వెళ్ళిన బండికే లేదని కాదు. బీఏలో చదివిన పంచమీ విభక్తి ఇన్నాళ్ళకు పనికొచ్చింది!

వాడిచేత మెయిల్ రాయించాను: "ట్రాక్ మీద నడిపింది నిజం. అరిగిన బ్రేక్ ప్యాడ్‌ల ఖర్చు మాదే. కంప్రెసర్ దానివల్లే ఎలా పోయిందో రాసివ్వండి."

జవాబు లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పినా తేలలేదు. చివరికి సంగారెడ్డి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాం. 2019 చట్టం ప్రకారం మనముండే జిల్లాలోనే వేయొచ్చు, రెండేళ్ళలోపు వేయాలి. వస్తువు ధర 5 లక్షలు దాటి 10 లక్షల లోపుంటే ఫీజు 200 రూపాయలే. అవసరమైతే కమిషనే ల్యాబ్ పరీక్షకు పంపుతుంది.

కేసు నడుస్తోంది. తీర్పు ఎలా వచ్చినా, వాడు అబద్ధం మీద సంతకం పెట్టలేదు. నాకది చాలు.