శూన్యమైన నిరోధం

మా గుడిమల్కాపూరు పూలబజారు రద్దీలో మనిషి అటూ ఇటూ కదలగలడేగాని పైకి లేవలేడు. గాలియం ఆర్సెనైడ్ స్ఫటికపు పొరలో చిక్కిన ఎలక్ట్రానులదీ అదే గతి.

2002లో రమేశ్ మణి బృందం, సుమారు 1 కెల్విన్ చలిలో, అయస్కాంతక్షేత్రంలో, ఆ పొరపై మైక్రోవేవులు ప్రసరింపజేసింది. వంటింట్లో అన్నం వేడిచేసే జాతి తరంగాలే! కాని కొన్ని క్షేత్రవిలువల వద్ద విద్యున్నిరోధం దాదాపు శూన్యమైంది. అతివాహకత్వం కాదది, హాల్ నిరోధం యథాతథంగా ఉంది.

నన్ను వెంటాడేది మరొకటి. ఇటువంటి తరంగాలు విద్యుత్ప్రవాహాన్ని ఎదురు తిప్పగలవని సోవియట్ శాస్త్రజ్ఞుడు రిజీ 1970లోనే లెక్కగట్టాడు. 2003లో సచ్‌దేవ్ ప్రభృతులు అటువంటి భావాన్నే మళ్లీ ప్రతిపాదించారు. ఋణనిరోధం నిలకడగా ఉండలేదనీ, ప్రవాహం పాయలుగా చీలి మనకు శూన్యంగా కనిపిస్తుందనీ ఆండ్రేయెవ్, అలైనర్, మిల్లిస్ వివరించారు. కారణంపై వాదం నేటికీ పూర్తిగా తెగలేదు. రిజీ కాగితానికి తగినంత శుద్ధమైన స్ఫటికం దొరకడానికి మాత్రం ముప్పైయేళ్లు పట్టింది.