ప్రాక్సీ వేసిన సర్వర్

క్లాసులో ప్రాక్సీ అంటే ఏంటో మనకెవ్వరికీ చెప్పక్కర్లేదు. షెల్ స్క్రిప్టులోనూ ప్రాక్సీ ఉంటుందని మాత్రం నాకు ఈ సెమిస్టర్‌లోనే తెలిసింది.

మా మినీ ప్రాజెక్టులో ఒక చిన్న వెబ్ సర్వర్ ఉంది. దాని టెస్ట్ స్క్రిప్టు సీనియర్ల నుంచి మాకు ఆస్తిలా వచ్చింది. సర్వర్ ఫోల్డర్‌లోకి వెళ్లడం, దాన్ని బ్యాక్‌గ్రౌండ్‌లో స్టార్ట్ చేయడం, రిక్వెస్టులు పంపడం, చివర్లో చంపేయడం, అంతే పని. చంపాలంటే దాని నంబరు, అంటే పీఐడీ కావాలి. అది $! లో దొరుకుతుంది. ల్యాబ్‌లోని ఉబుంటులో ఎప్పుడూ తేడా రాలేదు.

నా టీమ్‌మేట్ మ్యాక్‌బుక్‌లో మాత్రం వింత. అనుమానం వచ్చి తను లాగిన్ కోడ్‌ని కావాలనే చెడగొట్టి చూసింది. అయినా అన్ని టెస్టులూ పాస్! రివ్యూకి రెండు రోజులే ఉంది. "ఆ మాడ్యూల్‌ని నమ్మలేం, తీసేద్దాం" అన్నారు టీమ్‌లో ఒకరు. అది తన నాలుగు వారాల పని.

చూస్తే, పాత సర్వర్ చావనేలేదు. 8080 పోర్టు పట్టుకుని కూర్చుంది. కొత్తది పోర్టు దొరక్క పుట్టగానే పోయింది. రిక్వెస్ట్ వచ్చిన ప్రతిసారీ పాతదే "ప్రెజెంట్ సార్" అంటోంది.

కారణం ఒకే ఒక్క లైను: సీడీ, ఫోల్డర్, &&, సర్వర్, చివర్న &. ఈ మొత్తాన్నీ నడపడానికి షెల్ ముందు తన నకలు ఒకటి పుట్టిస్తుంది. $! లో ఉండేది ఆ నకలు నంబరు. ఉబుంటులో ఎస్‌హెచ్ అంటే 2006 నుంచీ డ్యాష్. అక్కడ ఆ నకలే సర్వర్‌గా మారిపోతుంది కాబట్టి నంబరు సరిపోతుంది. మ్యాక్‌లో ఎస్‌హెచ్ వెనక ఉన్నది పాత బ్యాష్ 3.2. అది సర్వర్‌ని విడిగా పుట్టిస్తుంది. కిల్ కొడితే పోయేది మధ్యవర్తి, సర్వర్ కాదు.

సర్వర్ పేరు ముందు ఎగ్జెక్ అని రాస్తే రెండు చోట్లా ఒకేలా నడుస్తుంది. పైపు పెట్టి లాగ్‌ని టీ కమాండ్‌కి పంపినా ఇదే గొడవ: $! లో టీ నంబరుంటుంది. లాగ్‌ని నేరుగా ఫైల్లోకి మళ్లించడమే మేలు. పేరు పట్టుకుని చంపే పీకిల్ వాడమని కొందరన్నారు. నాకు నచ్చలేదు. అది పాసిక్స్‌లో లేదు, పైగా అదే పేరుతో నడిచే ఇంకో సర్వర్ కూడా పోతుంది.

రిక్వెస్టులు పంపే ముందు కిల్ -0 తో మన సర్వర్ బతికుందా అని అడగడం కూడా చేర్చాను. అది ఎవర్నీ చంపదు, హాజరు మాత్రం తీసుకుంటుంది. ట్రాప్‌లో ఎగ్జిట్ ఒక్కటే రాస్తే చాలదు. కంట్రోల్-సీ కొట్టినప్పుడు బ్యాష్ దాన్ని నడుపుతుంది, డ్యాష్ నడపదు. చంపాక వెయిట్ ఇచ్చే విలువ 143 అని పోల్చడం కూడా తప్పే. కార్న్ షెల్ 93లో అది 271. 128 కంటే ఎక్కువా అని చూస్తే చాలు.

మార్చిన స్క్రిప్టు మ్యాక్‌లో నడిపితే 14 టెస్టుల్లో 5 ఫెయిల్. మూడు తను చెడగొట్టిన లాగిన్‌వి, రెండు ఎప్పట్నుంచో దాక్కున్నవి. ఫెయిలైన టెస్టులు చూసి అంత సంబరపడిన మనిషిని నేను చూడలేదు. రాత్రి పన్నెండయ్యేసరికి ఆ రెండూ సరిచేసేసింది. మాడ్యూల్ రివ్యూకి వెళ్లింది.