రెండు గుండ్లు, ఒక స్ప్రింగు

డీజిల్ ఇంజన్‌లో ఎంత డీజిల్ పడితే అంత పరుగు. లోడు తగ్గిన క్షణంలోనే డీజిల్ కూడా తగ్గాలి. లేకపోతే స్పీడు పెరుగుతూ పోయి ఇంజనే పగిలిపోవచ్చు. అందుకే దానికి ఎప్పుడూ ఒక కాపలా కావాలి.

ఈమధ్య బళ్లలో ఆ కాపలా కంప్యూటర్‌ది. దాళ్వా ధాన్యం మిల్లుకి తోలే రోజుల్లో మా మావయ్య మినీ లారీలో అదే పోయింది. పంపు బాగుంది, ఇంజన్ బాగుంది, బండి మాత్రం కదలదు. కొత్త బాక్సుకి పది రోజులన్నారు. చేలో ధాన్యం, పైన మబ్బు.

"కంప్యూటర్ లేకుండా నడపలేమాండీ?" అని రాజమండ్రిలో పంపులు బాగుచేసే మెకానిక్ గారిని అడిగాను.

"స్టార్ట్ చెయ్యడం ఎంతసేపు బాబూ! పట్టుకోవడమే కష్టం" అన్నారాయన.

ఆ పంపులో డీజిల్ కొలత మార్చేది ఒక కరెంటు కాయిల్. కరెంటు పెంచితే డీజిల్ పెరుగుతుంది, తీసేస్తే స్ప్రింగు సున్నాకి లాగేస్తుంది. ఒక నాబ్ పెట్టి ఆ కరెంటు మనమే ఇవ్వొచ్చు. కానీ ఇంజన్ ఎంత స్పీడులో ఉందో నాబ్‌కి తెలీదు. మావయ్య ఆ ఆలోచన మానేసి, వేరే లారీకి కిరాయి కట్టారు.

తర్వాత ఆయన ఓ పాత నీళ్ల ఇంజన్ గవర్నర్ విప్పి చూపించారు. రెండు గుండ్లు, ఒక స్ప్రింగు, అంతే. స్పీడు పెరిగితే గుండ్లు విచ్చుకుని డీజిల్ తగ్గిస్తాయి. స్పీడు పడిపోతే స్ప్రింగు మళ్లీ పెంచుతుంది. జేమ్స్ వాట్ 1788లోనే ఆవిరి ఇంజన్‌కి ఇలాంటిది పెట్టాడు. క్లాసులో మనం ఫీడ్‌బ్యాక్ లూప్ అని రాసుకునేది ఇదే!

గుండ్లని ఆయన స్పానర్‌తో విప్పేశారు. అదే పని చేసే కోడ్‌ని, కోడింగ్ చదువుతున్న నేను తెరిచి చూడలేను. రేపు మనం రాసే కోడ్ కూడా ఎవరో ఒకరి బండిలో కాపలా ఉంటుంది. అది పోయిన రోజున ఆ రైతుకి ఏ దారి వదిలిపెడుతున్నామో, రాసేటప్పుడే ఆలోచించాలి.